మూడో బెల్టు జారిన రోజులు

జూన్ 27

వాన మొదలైంది. వానతోపాటు మూడో బెల్టు జారుడూ మొదలైంది. ఏటా ఉండేదే. నలిగిన రాయి తడిసి, ఆ బురదనీళ్లు బెల్టు అడుక్కి పట్టేసరికి, లాగే డ్రమ్ము గిర్రున తిరుగుతుంటే బెల్టు మాత్రం వెనకబడిపోతుంది. నా స్క్రీన్ మీద రెండంకెలు ఉంటాయి. పైది డ్రమ్ము వేగం, కిందిది బెల్టు వేగం. రెండూ కలిసి నడిచినంతసేపూ పచ్చరంగు. కిందిది తగ్గితే పసుపు. తేడా హద్దు దాటితే ఎరుపు, హారన్, మోటారు దానంతటదే ఆగిపోవడం. అప్పుడు నేను వాకీటాకీలో బెల్టు ఫోర్‌మన్‌ని పిలవాలి. బెల్టు ఫోర్‌మన్ అంటే మా ఆయనే.

"మూడో బెల్టు జారి ఆగిందండీ" అంటాను. "ఆఁ" అంటారు. రేడియోలో అయినా అంతే, ఇంట్లో అయినా అంతే. పన్నెండేళ్ల కాపురంలో ఈ మనిషి నాతో ఆడిన మాటలన్నీ పోగేసినా ఒక పూటకి సరిపోవు. నోట్లో ముత్యాలున్నాయేమో, రాలిపోతాయని భయం.

ఇవాళ మాత్రం ఆ "ఆఁ" వెనకే ఇంకో గొంతు వచ్చింది. "నేనూ వస్తున్నాను ఫోర్‌మన్ గారూ. నేను వచ్చేదాకా డ్రమ్ము దగ్గర ఏం చేయకండి."

కొత్త ఇంజనీరు. వచ్చి నెల కాలేదు. బెల్టులూ రబ్బరూ తప్ప వేరే లోకం లేదట. అందుకే నేను రబ్బరమ్మ అని పేరు పెట్టాను. క్రషర్ల స్క్రీన్ చూసే బాబాయ్, నా షిఫ్టు జోడీ, ఆ పేరు విని నవ్వలేక కుర్చీలోంచి జారిపోయాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. రేపటికల్లా ప్లాంటంతా రబ్బరమ్మే.

జూన్ 29

డ్రైవ్ హౌస్ అంటే బెల్టు పైకొసన రేకుల గది. మోటారు, డ్రమ్ము అక్కడే ఉంటాయి. మెట్లెక్కి వెళ్లాలి. ఇవాళ వాళ్లిద్దరూ అక్కడ ఉండగా ఎవరో వాకీటాకీ బటన్ నొక్కి వదలడం మర్చిపోయారు. నేను వినాలని వినలేదు. చెవులకి తలుపులుండవు కదా.

"ఇంకో రెండు దిమ్మలు వేద్దాం మేడమ్. బరువు పెరిగితే బెల్టు బిగుస్తుంది, జారదు" అన్నారు ఈయన.

"బిగిస్తే ఇవాళ్టికి సరే. అతుకు తెగితే? బిగువు ఉన్నది చాలండీ. బెల్టు డ్రమ్ముకి ఆనుకునే మేర చాలడం లేదు. చూడండి, సగం చుట్టే ఆనుతోంది. కింద చిన్న రోలరు పెట్టి ఇంకాస్త చుట్టిస్తే పట్టు దానంతటదే వస్తుంది."

"నేనూ ఎప్పట్నుంచో అదే అనుకుంటున్నాను మేడమ్. అడిగినవాళ్లు లేరు."

తర్వాత ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ఏ వానకి ఎంత జారిందీ, డ్రమ్ము మీద రబ్బరు తొడుగు ఎక్కడెక్కడ అరిగిందీ, ఆ అరుగుదల వేలితో తడిమితే ఎలా తెలుస్తుందీ. నవ్వారు కూడా. బాబాయ్ నావైపు చూసి, గబగబా కళ్లు తన స్క్రీన్‌కి తిప్పుకున్నాడు.

అడిగినవాళ్లు లేరట. మరి పన్నెండేళ్లుగా సాయంత్రం టీ చేతికిస్తూ "ఇవాళ పని ఎలా ఉందండీ" అని నేనడిగేది ఎవరిని, గోడనా? "ఎలా ఉంటుంది, ఉన్నట్టే ఉంది." అంతే జవాబు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు పెద్దలు.

జూన్ 30

డ్రమ్ము జారితే దానిమీద గుగ్గిలం పొడి చల్లడం ఈయనకి మొదట్నుంచీ అలవాటు. జిగటకి బెల్టు కాసేపు పట్టుకుంటుంది. ఆ పొడి చొక్కాలకి అంటి, ఎన్నిసార్లు ఉతికినా వదలదు. మానెయ్యండి అని ఎన్నేళ్లు మొత్తుకున్నానో. వినలేదు.

ఇవాళ చొక్కా శుభ్రంగా ఉంది. "పొడి చల్లలేదా?" అని అడిగాను.

"మానేశాను. వేడెక్కితే అంటుకుంటుందని మేడమ్ చెప్పారు."

ఆ చొక్కా ఉతకడానికి కూడా నాకు మనసు రాలేదు.

జూలై 2

రబ్బరమ్మ కంట్రోల్ రూంకి వచ్చింది. నా పక్కన నిలబడి, ఇంజనీరు పాస్‌వర్డ్ కొట్టి, జారుడు హద్దు మార్చింది. ఇన్నాళ్లూ బెల్టు ఇరవై శాతం వెనకబడితేనే ఆగేది. ఇకనుంచి పది శాతానికే ఆగుతుందట.

"డ్రమ్ము తొడుగు బాగా అరిగిపోయిందక్కా. కొత్తది వచ్చేదాకా ఎక్కువ జారనివ్వకూడదు. జారినకొద్దీ రాపిడికి వేడెక్కుతుంది. మాటిమాటికీ ఆగి మీకు విసుగ్గా ఉంటుంది, ఏమనుకోకండి."

ఎవరికి అక్కని? నాకంటే మహా అయితే ఐదేళ్లు చిన్న. పైగా పక్కన నిలబడితే మంచి సబ్బు వాసన. ఈ దుమ్ములో అంత శుభ్రంగా ఎలా ఉంటుందో ఆ మనిషికే తెలియాలి.

ఆవిడ వెళ్లాక బాబాయ్ గొణిగాడు. "పదికి పెడితే ఈ వానలో బెల్టు కదిలినట్టే." పాస్‌వర్డ్ మాకందరికీ తెలుసు. వెనకటి ఇంజనీరు ఒక వానరోజు విసిగిపోయి బాబాయ్ చెవిలో వేశాడు. తడి బెల్టు నడక మొదలుపెట్టేటప్పుడు కాస్త జారుతుంది కాబట్టి, హద్దు పైకెత్తి, బెల్టు అందుకున్నాక మళ్లీ దించుతాం. ఈయన కూడా ఎన్నోసార్లు రేడియోలో "కొంచెం ఎత్తండి" అని అడిగారు. రాసిపెట్టిన నియమం కాదు, చేయకూడని పని. అయినా వానాకాలం అందరూ చేసేదే.

జూలై 3

పొద్దుట్నుంచి పడి లేస్తూనే ఉంది మూడో బెల్టు. ఆగిన ప్రతిసారీ ఇద్దరూ పైకి.

జూలై 4

ఆగడం. పిలవడం. "ఆఁ." ఆవెంటనే ఆవిడ గొంతు. నేనే పిలిచి పంపిస్తున్నాను. నా నోటితో నేనే.

జూలై 5

సెలవు. ఈయన పాత బెల్టు ముక్క ఒకటి ఇంటికి తెచ్చి, గుమ్మంలో కూర్చుని కత్తితో కోస్తున్నారు. బెల్టు అడుగున పట్టిన బురద గీకేయడానికి ఒక గీకుడుపట్టీ చేస్తున్నారట. కోస్తూ సన్నగా కూనిరాగం.

అత్తయ్య వంటింట్లోకి వచ్చి, "వాడు పాట పాడుతున్నాడేంటే? పెళ్లినాడు కూడా పాడలేదు" అంది.

"బెల్టు మీద ప్రేమేమో అత్తయ్యా."

"బెల్టుని చూసి పాడే మగాణ్ణి నేనెక్కడా చూడలేదు" అని, నా మొహం చూసి, ఇంకేం అనకుండా వెళ్లి తన మంచం మీద కూర్చుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించాలనుకున్నా మా ఇంట్లో అన్నీ స్టీలు గిన్నెలే, పగలవు. మోత మాత్రం బాగా వచ్చింది. ఈయన తలెత్తి కూడా చూడలేదు.

జూలై 7

హద్దు ఎత్తాను. నలభైకి.

ఇందులో నా స్వార్థం ఏమీ లేదు. బెల్టు ఆగకుండా నడిస్తే రాయి ఎక్కువ పడుతుంది, మేనేజరు సంతోషిస్తాడు. అయినా రబ్బరమ్మ పదికి ఎందుకు దించిందో ఎవరికి తెలియదు? జారుడుకి భయపడి కాదు. మాటిమాటికీ ఆగాలి, మాటిమాటికీ పైకెక్కాలి, ఫోర్‌మన్ గారు పక్కన ఉండాలి. అందుకు. నేనేం చంటిపిల్లనా, ఇది అర్థం కాకపోవడానికి.

డ్యూటీ దిగేముందు మళ్లీ పదికి దించాను. తర్వాతి షిఫ్టు సంగతి నాకెందుకు. ఆ వేళకి వాళ్లిద్దరూ ప్లాంటులో ఉండరు.

జూలై 8

ఒక్కసారీ ఆగలేదు. నేను ఒక్కసారీ పిలవలేదు. ఎంత హాయిగా ఉందో.

జూలై 9

హాయీ లేదు, గీయీ లేదు. ఈయన నిన్ననే ఆ గీకుడుపట్టీ బిగించారట. బెల్టు ఆగకపోవడం దాని మహిమే అనుకుంటున్నారు. బెల్టు ఆగకపోయినా ఇద్దరూ పైకెక్కారు, పట్టీ చూడ్డానికి.

"మీరు నా అంత చదివి ఉంటే నాకు ఇక్కడ ఉద్యోగం ఉండేది కాదు ఫోర్‌మన్ గారూ" అంది రబ్బరమ్మ రేడియోలో, ప్లాంటంతా వినేటట్టు.

సాయంత్రం ఇంటికొచ్చి, అడక్కుండానే, "నా పట్టీ పనిచేసింది" అన్నారు. పెళ్లైన ఇన్నేళ్లలో పని గురించి నాతో ఆయనంతట ఆయన చెప్పిన మొదటి మాట. మొహం వెలిగిపోతోంది.

ఏం చెప్పను? పట్టీ కాదండీ, నలభై అని చెప్పనా? "మంచిది" అన్నాను. నా నోటికి అంతకంటే రాలేదు. ఆయన మొహంలో వెలుగు మెల్లగా తగ్గి, మామూలు అయిపోయింది. లేచి స్నానానికి వెళ్లిపోయారు.

మహానుభావుడు ఇన్నేళ్లకి ఒక మాట తెచ్చిస్తే దాన్ని కాస్త పైకెత్తలేకపోయాను. ఆవిడైతే ఎన్ని ప్రశ్నలు వేసేదో.

జూలై 11

జోరువాన. స్క్రీన్ పొద్దుట్నుంచీ పసుపే. ఇరవై దాటి, ముప్పైకి దగ్గరగా తేడా. బాబాయ్ వంగి చూశాడు.

"ఎంతకి ఎత్తావు తల్లీ?"

"మామూలుగానే బాబాయ్."

"నడక అందుకున్నాక దించెయ్యి. అలా వదిలెయ్యకు."

దించుతాలే అన్నాను. దించలేదు. దించితే ఆగుతుంది, ఆగితే పిలవాలి.

జూలై 13

జరిగింది జరిగినట్టు రాస్తాను. రాయకపోతే ఈ రాత్రి గడవదు.

పొద్దున రబ్బరమ్మ కంట్రోల్ రూంకి వచ్చి నా స్క్రీన్ ముందే కూర్చుంది. ఏవో లెక్కలు చూసుకుని వెళ్లింది. ఆవిడ అటు వెళ్లగానే నేను నలభై పెట్టాను. మధ్యాహ్నం ముందు తేడా ముప్పై అయిదు దాకా పోయింది. పసుపు. కాసేపటికి తగ్గుతుందిలే, వాన వెలుస్తోంది కదా అనుకున్నాను. ఎవర్నీ పిలవలేదు. డ్రమ్ము తిరుగుతూనే ఉంది, బెల్టు ఈడ్చుకుంటూనే ఉంది.

రేడియోలో ఆవిడ కేక. "మూడో బెల్టు ఆపండి. డ్రమ్ము కాలుతోంది."

నా వేలు బటన్ మీదకి వెళ్లేలోపే బెల్టు ఆగిపోయింది. బెల్టు పక్కన ఉండే ఆపుడుతాడు ఆవిడే లాగింది. కిటికీలోంచి చూస్తే రేకుల గదిలోంచి నల్లటి పొగ.

పట్టీ చూసుకోవడానికి ఈయన అప్పటికే లోపల ఉన్నారట. డ్రమ్ము మీది రబ్బరు తొడుగు కరిగి, అంటుకుని, ఒక ముద్ద ఊడి ఆయన ఎడమ ముంజేతి మీద పడింది. పొగలో దారి తెలియక నిలబడిపోయారు. ఆవిడ లోపలికి దూరి, కుడిచెయ్యి పట్టుకుని బయటికి లాగిందట.

ఆస్పత్రి నుంచి వచ్చాం. చెయ్యి పోదన్నారు, మచ్చ ఉంటుందన్నారు. పడుకున్నారు.

ఒక మాట రాయాలి, రాయకుండా ఉంటే బాగుండు. బాబాయ్ పరిగెత్తుకొచ్చి "ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని లాగకపోతే మనిషి దక్కేవాడు కాదు" అన్నప్పుడు, నా బుర్రలో మొదట నిలిచిన ముక్క "చెయ్యి పట్టుకుని". మనిషి దక్కాడన్నది ఆ తర్వాత.

జూలై 14

హద్దు నలభై ఉండటం చూశారు. వారంనుంచీ పొద్దున ఎత్తడం, సాయంత్రం దించడం యంత్రంలో నమోదైంది. మనిషి పేరు పడలేదు. "ఇంజనీరు" అని మాత్రమే పడింది. అంటే అందరి లెక్కలో ఆవిడే.

జూలై 15

మేనేజరు ఒక్కొక్కర్నీ గదిలోకి పిలిచి అడిగాడు. పాస్‌వర్డ్ తెలుసా? బాబాయ్ "తెలియదు సార్". రెండో షిఫ్టు వాళ్లు "తెలియదు సార్". నేను "తెలియదు సార్". ఎంత తేలిగ్గా వచ్చిందో. తేలు కుట్టిన దొంగకి నొప్పి ఉంటుంది, నోరు ఉండదు.

జూలై 16

ఇవాళ జరిగింది బాబాయ్ చెప్పాడు. ఆయన టీ తీసుకుని మేనేజరు గది బయట నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డావని నేను అడగలేదు.

రబ్బరమ్మ అందట, "ఈ పాస్‌వర్డ్ ఆపరేటర్లకి తెలుసు సార్. వానల్లో ఎత్తుతారని ఫోర్‌మన్ గారే నాకు చెప్పారు. వారిని అడగండి."

ఈయన్ని పిలిచారు. కట్టుతోనే వెళ్లారు.

"ఆపరేటర్లకి తెలుసా?"

"తెలియదు సార్."

"నువ్వే చెప్పావంటోంది ఇంజనీరు."

"నేను అలా అనలేదు సార్."

తర్వాత మేనేజరు ఆవిణ్ణి సంజాయిషీ రాసివ్వమన్నాడట. రెండ్రోజుల్లో తీసేస్తారు అన్నాడు బాబాయ్. ఇంత జరిగాక ఇంకే ప్లాంటులోనూ బెల్టు దగ్గరికి రానివ్వరట.

ఆవిడ పక్షాన మాట్లాడలేదు మా ఆయన. ఎన్ని నవ్వులు నవ్వినా, ఎన్ని మెట్లెక్కినా, ఆఖరికి ఆవిడేమీ కాదు.

బాబాయ్ మాత్రం నావైపు అదోలా చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను చీర సర్దుకున్నాను.

జూలై 17

పొద్దున కట్టు మారుస్తున్నాను. అత్తయ్య గుమ్మంలో కూర్చుంది, ఆమెకి చెవుడు కాబట్టి పరవాలేదు. ఈయన చెయ్యి నా ఒళ్లో ఉంది. మందు రాస్తుంటే అన్నారు, మామూలు గొంతుతోనే.

"నలభై ఎందుకు పెట్టావు?"

"ఏది?"

"అబద్ధం చెప్పకు. నీకోసం నేను చెప్పినది ఒకటి చాలు."

దూది పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆయనే చెప్పారు. పదికే ఆగిపోయే బెల్టు అయితే డ్రమ్ము అంత వేడెక్కదు. పొగ చూడగానే తెలిసిందట, ఎవరో హద్దు ఎత్తారని. షిఫ్టులో ఉన్నది ఎవరో తెలుసు కదా. ఆస్పత్రిలో నేను పక్కన కూర్చుని ఏడుస్తున్నప్పటికే ఆయనకి తెలుసు.

"ఎందుకు పెట్టావు?" అని మళ్లీ అడిగారు.

"మీరిద్దరూ అక్కడికి వెళ్లకుండా."

"ఎక్కడికి?"

"డ్రమ్ము దగ్గరికి."

నిజంగా అర్థం కాలేదు మనిషికి. నేనేదో వేరే భాష మాట్లాడినట్టు చూశారు. "అక్కడ ఏముందే? గ్రీజు కంపు. చెవులు చిల్లులు పడే మోత. ఇద్దరు సరిగ్గా నిలబడటానికే చోటు లేదు."

"మరి అంతసేపు ఏం మాట్లాడుకునేవారు?"

"బెల్టు గురించి."

"నాతో ఎందుకు మాట్లాడరు?"

"నీకు చెప్తే నువ్వు వినేది నా మాట కాదు. నా మొహం చూస్తావు, ఏం దాస్తున్నానా అని. ఆవిడ మాటే వింటుంది" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ రెండు అనేదాన్ని.

తర్వాత అన్నారు, "నిన్న ఆ గదిలో ఆవిడ నావైపు చూసింది. నేను చెప్తాననే ధైర్యంతో చూసింది. నా ప్రాణం కాపాడిన మనిషి. ఆవిడ మొహం మీదే నేను అనలేదన్నాను."

నాకోసం. ఆవిణ్ణి వదిలేసి నన్ను పట్టుకున్నారు. ఇది నేను ఎవరికీ చెప్పలేను, ఇక్కడ మాత్రం రాస్తున్నాను. ఆ మాట విన్నప్పుడు నాకు మొదట కలిగింది సంతోషం. కడుపు నిండిన సంతోషం. సిగ్గు ఆ తర్వాత వచ్చింది, కట్టు ముడి వేస్తున్నప్పుడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూశాక. చెయ్యి కాలినప్పుడు కూడా ఏడవని మనిషి.

జూలై 18

చెప్పేశాను.

పొద్దున బాబాయ్‌కి ముందే చెప్పాను. ఆయన మొహం తెల్లబోయింది. "నువ్వొక్కదానివే పోవు తల్లీ. పాస్‌వర్డ్ మాట ఎత్తితే నేనూ, మీ ఆయనా, అందరం పోతాం. నాకు రిటైరవడానికి ఇంకో ఏడాది ఉంది."

"నీ మాట రానివ్వను బాబాయ్."

మేనేజరు గదిలో ఆవిడ కూడా ఉంది. సంజాయిషీ ఇవ్వడానికి వచ్చింది. నేను నిలబడే చెప్పాను. హద్దు ఎత్తింది నేనే సార్. మొన్నామధ్య మేడమ్ పాస్‌వర్డ్ కొడుతుంటే పక్కనుంచి చూసి గుర్తుపెట్టుకున్నాను. ఇంకెవరికీ తెలియదు. మా ఆయనకీ తెలియదు.

నిజం చెప్పడానికి వెళ్లి కూడా అందులో ఒక అబద్ధం కలిపాను. లేకపోతే ఈయన అబద్ధం బయటపడుతుంది.

"ఎందుకు చేశావమ్మా?" అన్నాడు మేనేజరు.

"మాటిమాటికీ ఆగుతుంటే విసుగొచ్చి సార్."

రెండో అబద్ధం.

ఆవిడ నన్నే చూస్తోంది. పక్కనుంచి చూశానన్నది కట్టుకథ అని ఆవిడకి తెలుసు. ఎవరిని కాపాడటానికి కట్టానో కూడా తెలుసు. ఒక్క మాటతో ఈయన్ని బయటపెట్టగలదు. నోరు తెరిచింది.

"నేను కొట్టేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సింది సార్" అంది.

అంతే. బయటికి వచ్చాక నేను ఏదో అనబోయాను. క్షమించమనో, ఏదో. ఆవిడ ఆగలేదు.

జూలై 19

సస్పెన్షన్. మూడు నెలలని ఒకరు, పూర్తిగానే అని ఒకరు. అత్తయ్య ఎందుకని అడగలేదు. "ఇంట్లో ఉంటే నాకూ తోడు" అంది. తర్వాత, "నువ్వు కూర్చుంటే వాడు కూడా కాసేపు కూర్చుంటాడేమో" అంది. ఈ ముసలావిడ చెవుడు ఎంత నిజమో నాకు ఈ మధ్య అనుమానంగా ఉంది.

జూలై 24

కంట్రోల్ రూంలో పసుపో ఎరుపో కనీసం కనిపించేది. ఇంట్లో ఏదీ కనిపించదు. గోడ గడియారం చూస్తూ, ఇప్పుడు ఆగి ఉంటుంది, ఇప్పుడు ఎక్కుతూ ఉంటారు అనుకోవడమే. బుద్ధి రాలేదు. నిప్పంటుకున్నా రాలేదు.

జూలై 30

ఈయన ఇప్పుడు రోజూ సాయంత్రం నాకు పని గురించి చెప్తున్నారు. నేను అడక్కుండానే. టీ గ్లాసు పక్కన పెట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా వరసగా. డ్రమ్ముకి కొత్త రబ్బరు తొడుగు వేశాం. గళ్లు గళ్లుగా ఉంది, నీళ్లు ఆ సందుల్లోంచి పోతాయి. కింద చిన్న రోలరు బిగించాం. బెల్టు ఇప్పుడు డ్రమ్ముని ఇంకాస్త ఎక్కువ చుట్టుకుంటోంది. బరువు ఒక్క దిమ్మ కూడా పెంచలేదు.

వింటున్నాను. ఆయన మొహం చూడకుండా, మాటే వినడానికి ప్రయత్నం చేస్తున్నాను. కష్టంగా ఉంది.

ఆగస్టు 4

నాలుగు రోజులుగా గమనిస్తున్నాను. అంతా చెప్తారు, ఒక్క మనిషి పేరెత్తరు. "తొడుగు వేశాం", "రోలరు బిగించాం" అంటారు. ఎవరు ఎవరితో వేశారో ఉండదు. ఎంత జాగ్రత్తగా దాటేస్తున్నారో. ఏమీ లేకపోతే అంత జాగ్రత్త దేనికి?

లేదు. ఇలా రాయకూడదు.

ఆగస్టు 6

ఇవాళ నేనే అన్నాను. మంచి భార్యలా, మనసులో ఏమీ లేనట్టు, టీ చేతికిస్తూ.

"మేడమ్ మాట కూడా చెప్పండి. నేనేమీ అనుకోను."

గ్లాసు పట్టుకుని నా మొహంలోకి చూశారు.

"ఏముంది చెప్పడానికి. ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది."

"పని ఉంటుంది కదా?"

"ఉంటుంది. హెల్పర్‌తో కబురు పంపుతుంది. నేను పైన ఉంటే తను కింద ఆగిపోతుంది. మొన్న రోలరు బిగించాక ఒకసారి చూడండి మేడమ్ అన్నాను. 'బాగుందని హెల్పర్లు చెప్పారు' అని వెళ్లిపోయింది."

నేను కోరుకున్నది ఇదే. అచ్చంగా ఇదే, అక్షరం పొల్లుపోకుండా.

"పోనీలెండి, నేనున్నాను కదా" అన్నాను.

"ఊఁ" అన్నారు. టీ తాగకుండా గ్లాసు కింద పెట్టి, గుమ్మంలోకి వెళ్లి కూర్చున్నారు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నారు. అన్నానికి రమ్మని రెండుసార్లు పిలిచాను. అత్తయ్య కూడా పిలిచింది.